రాతినేలను చూచిన చిత్రకారుడు

కొన్ని సంవత్సరముల క్రిందట డ్రాయింగు తరగతిలో "మీ యూరిని గీయుడు" అని మేము విద్యార్థులకు చెప్పితిమి. గంట ముగిసినపిమ్మట కాగితములు ప్రోగుచేసి చూడగా, నలువదింటిలో ముప్పదికి పైగా ఒకే చిత్రము! రెండు త్రికోణపు కొండలు, వాటి నడుమ ఉదయించు సూర్యుడు, వంకరగా పారు నది, ఒడ్డున గుడిసె, ప్రక్కన కొబ్బరిచెట్టు. ఆ పిల్లలలో పెక్కుమంది యూళ్లలో కొండయు లేదు, నదియు లేదు. ఒక బాలుడు మాత్రము కాగితము నిండ బండరాళ్లను గీసి, వాటి సందులలో ఎండిన గడ్డిపోచలను గీసి తెచ్చెను. ఆకాశమునకు చోటే లేదు. ఇది అసంపూర్ణమని తలచి మేమతనికి తక్కువ మార్కులు వేసితిమి.

ఆ మార్కులు తప్పని మాకు తెలియుటకు కొంతకాలము పట్టినది. తెలిపినవారు యోహానెస్ క్యార్వల్ అను చిత్రకారుడు. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఐస్లాండు ద్వీపము ఆయన జన్మభూమి. ఆయన మూలచిత్రములను చూచు భాగ్యము మాకు కలుగలేదు. అచ్చు ప్రతులను మాత్రమే చూచితిమి. అయినను వాటినిగూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

ముందుగా ఆ దేశమెట్టిదో చెప్పవలెను. వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అందులో పదవవంతు ఎల్లప్పుడును మంచుగడ్డల క్రింద నుండును. భూమి లోపలినుండి కరగిన రాయి పైకి పొంగి, ప్రవహించి, చల్లారి గడ్డకట్టిన నేల ఎక్కడ చూచినను కానవచ్చును. ఈ ద్రవమునే లావా యందురు. 1783వ సంవత్సరము జూన్ నెలలో లాకి అనుచోట భూమి బారులుబారులుగా పగిలి ఎనిమిది మాసములపాటు లావాను వెళ్లగ్రక్కెను. విషవాయువులచే గడ్డి చెడిపోయెను, పశువులు చచ్చెను, కరవు వచ్చెను. దేశప్రజలలో ఇంచుమించు ఐదవవంతు నశించిరి. అట్టి ప్రజలకు లావానేలను చూడగా అందమెట్లు స్ఫురించును? అది గడ్డి మొలవని నేల, గొఱ్ఱెల కాళ్లు విరుగు నేల, తాతల పొలములను మ్రింగిన నేల.

అందుచేత ఆ దేశములో చిత్రలేఖనము తలయెత్తినప్పుడు చిత్రకారులు దూరమునకే చూచిరి. థోరారిన్ థోర్లాక్సన్ 1900లో రేక్యావిక్ నగరమున తన చిత్రములను ప్రదర్శించెను. ఐస్లాండువాడైన చిత్రకారుడు స్వదేశములో ప్రదర్శన జరుపుట అదియే మొదలు. నిశ్చలమైన సరస్సు, దూరపు నీలికొండ, సాయంకాలపు వెలుగు — ఇవి ఆయనకు ప్రియములు. ఆయన తరువాతివాడైన ఆస్గ్రిముర్ యోన్సన్ కూడ కొండలను, మంచుగడ్డలను ఎంతో తేజస్సుతో చిత్రించెను. వారిని మేము తక్కువచేయుట లేదు. వారు త్రోవ వేయకున్న క్యార్వల్ నడచియుండడు.

క్యార్వల్ 1885 అక్టోబరు 15న దక్షిణ ఐస్లాండులోని మెదాల్లాండ్ అను సీమలో బీదయింట జన్మించెను. లాకి లావా వచ్చి ఆగిన ప్రదేశమునకు ఆ సీమ పొరుగుననే యున్నది. పసితనముననే ఆయనను దేశపు తూర్పు అంచునగల బోర్గర్‌ఫ్యోర్దుర్ అను గ్రామమునకు బంధువులయొద్దకు పంపివేసిరి. ఆయన అక్కడనే పెరిగెను. తలిదండ్రులు పెట్టిన పేరు యోహానెస్ స్వెయిన్సన్. క్యార్వల్ అనునది పురాతన కథలలోని ఒక ఐర్లండు రాజు పేరు, దానిని తానే పెట్టుకొనెను. యౌవనములో చేపల పడవలమీద కూలికి పోయెను. తీరిక దొరికినప్పుడెల్ల బొమ్మలు గీసెను. ఆస్గ్రిమురు నొద్ద కొంత నేర్చెను. తోడి జాలరులును, కార్మికులును ధనసహాయము చేయగా, ఇరువదియేడేండ్ల వయస్సున డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగనులోని రాజకీయ కళాశాలలో ప్రవేశించెను. చేపలు పట్టి పొట్టపోసికొనువారు ఒకనిని చిత్రలేఖనము నేర్చుకొనుటకై పరదేశమునకు పంపిరి! మన ఇండ్లలో "బొమ్మలు కూడు పెట్టునా?" అని పిల్లలను గద్దించు పెద్దలు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెనని మా ప్రార్థన.

ఆయన విద్యార్థిగా నున్న కాలమున, 1914లో, తాను పెరిగిన గ్రామపు చిన్న దేవాలయమునకు ఒక చిత్రము వ్రాసియిచ్చెను. అది బలిపీఠమునకు పైని ఉంచునట్టిది. ప్రభువు కొండమీది ప్రసంగము చేయుచున్న దృశ్యము. అయితే ఆ కొండ గలిలయలోనిది కాదు. ఆ దేవాలయమునకు కూతవేటు దూరములోనున్న ఆల్ఫాబోర్గ్ అను రాతిగుట్ట! వెనుక కనబడునవి ఆ యూరివారు దినదినము చూచు దిర్‌ఫ్యోల్ పర్వతములు. ఆల్ఫాబోర్గ్ అనగా గంధర్వుల వంటి అదృశ్యజనుల కోట యని అర్థము. ఆ గుట్టలో వారి రాణి నివసించునని గ్రామస్థుల కథ. అట్టి గుట్టమీద ప్రభువును నిలుపుట తగునా యని అడుగువారుందురు. తగునని మా యభిప్రాయము. పాలస్తీనాను కన్నులార చూడని జాలరికి, తన పెరటిగుట్టమీద పలుకబడిన మాట వినబడినట్లు వేరొకచోటి మాట వినబడదు.

చదువు ముగించి, ఇటలీని చూచి, 1928లో పారిసు నగరమున కొంతకాలముండి ఆయన స్వదేశము చేరెను. ఆ మరుసటి సంవత్సరమునుండి తింగ్‌వెల్లిర్ అను లోయకు తరచుగా పోవ నారంభించెను. ఇది ఐస్లాండువారికి పవిత్రమైన చోటు. 930వ సంవత్సరమున వారి దేశసభ అక్కడనే మొదట కూడెను. 1944 జూన్ 17న గణరాజ్యమును అక్కడనే ప్రకటించిరి. భూమి పైపొరలో రెండు మహాఫలకములు అక్కడ ఒకదానినుండి యొకటి ఏటికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున తొలగిపోవుచున్నవి. కాబట్టి నేల నిలువున చీలి, ఆ చీలికలలో స్వచ్ఛమైన నీరు నిలిచియుండును. చరిత్రను చిత్రింపదలచినవానికి ఎన్ని ఘట్టములు! క్యార్వల్ వానిని విడిచిపెట్టి తన కాళ్ల ముందరి రాళ్లను చిత్రించెను.

ఆ చిత్రములను ఒకసారి వర్ణింతము. దిగంతరేఖ పటమునకు పైయంచున ఎక్కడనో సన్నగా నుండును. అక్కడ నొక కొండ తల. మిగిలినదంతయు నేలయే. పగిలిన రాళ్లు, వాటి సందులు, వాటిపై నాచు. ఈ నాచు సామాన్యమైనది కాదు. లావా చల్లారిన తరువాత మొదట దానిపై బ్రతుకగల కొద్దిపాటి జీవములలో నిది యొకటి. ఏండ్లకొలది మెల్లగా పెరిగి మెత్తని పరుపువలె రాతిని కప్పును. ఎండలో బూడిదరంగుగా నుండి, వాన పడిన కొంతసేపటికే పసుపు కలిసిన పచ్చదనము తాల్చును. కావున ఉదయమున చూచిన నేల మధ్యాహ్నమున లేదు. క్యార్వల్ చలిలో, గాలిలో, వానలో బయటనే నిలిచి చిత్రించెను. ఒకే చోటికి మరల మరల పోయెను. చిన్న చిన్న కుంచెపోటులతో ఊదా, ఇటుకరంగు, పచ్చ, వెండిరంగులను ప్రక్కప్రక్కన ఉంచెను. వస్తువును ముక్కలు ముక్కలుగా విడగొట్టి చూపు క్యూబిజమను పద్ధతిని ఆయన పరదేశమున నేర్చెను. పారిసులో నది పండితుల ప్రయోగము. ఇచ్చట నేలయే ముందుగా పగిలియున్నది. అరువు తెచ్చిన పద్ధతి ఇంత సహజముగా అమరుట మేము మరెక్కడను చూడలేదు.

ఆ రాళ్లలో అప్పుడప్పుడు ముఖములు కూడ కనబడును. కొన్ని పటములలో అదృశ్యజనులను ఆయన స్పష్టముగానే చిత్రించెను. ఇవి మాకంతగా రుచింపలేదని ఒప్పుకొందుము. ఒట్టి రాయిని చూపిన పటములలోనే మర్మ మెక్కువగా నున్నట్లు తోచుచున్నది. పిల్లలు మాత్రము మాతో ఏకీభవింపరు.

ఐస్లాండువారు క్యార్వల్‌ను మిక్కిలి గౌరవించిరి. ఆయన 1968లో తన చిత్రములను, రేఖాపటములను అనేకము రేక్యావిక్ నగరమునకు దానమిచ్చి, 1972 ఏప్రిల్ 13న మరణించెను. మరుసటి సంవత్సరమున ఆయన పేరిట చిత్రశాల తెరువబడెను. 1995లో వెలువడిన రెండువేల క్రోనల నోటుమీద ఆయన ముఖమును ముద్రించిరి. కాని వీటికంటె మాకు పెద్దదిగా తోచు గౌరవము వేరొకటి కలదు. ఒకప్పుడు పాడునేల యని తొలగిపోయిన లావాభూమిని ఆ దేశపు బిడ్డలు నేడు నిలిచి చూచుచున్నారు. ఇది యంతయు ఆయన యొక్కని వలననే జరిగెనని చెప్పజాలము. ఆయన వలన చాల జరిగెనని ఆ దేశస్థులే చెప్పుదురు.

క్యార్వల్ చిత్రపు ప్రతినొకదానిని డ్రాయింగు గదిలో కిటికీ కెదురుగోడకు తగిలించితిమి. వార్షికోత్సవమునకు దయచేయు తలిదండ్రులు చూడగోరుచున్నాము. మొదట గోడకు జానెడు దూరమున నిలిచి చూడుడు. రంగుల మచ్చలు తప్ప మరేమియు కనబడదు. పిదప పది యడుగులు వెనుకకు రండు. దాని ప్రక్కననే ఒక బాలుడు పెన్సిలుతో గీసిన బండరాళ్ల పటము కూడ ఉన్నది. దాని మూలన ఎఱ్ఱసిరాతో వేసిన పాత మార్కులను కొట్టివేసి, మేము క్రొత్తవి వేసియున్నాము.