కాగితపు రాకెట్టుపై గీఁతలు

ఈ సంవత్సరపు విజ్ఞాన ప్రదర్శనమునకై విద్యార్థులును మేమును గూడి శాటర్న్ 5 రాకెట్టు నమూనా నొకదానిని కాగితముతోఁ జేసితిమి. 1969 జూలై 16వ తేదీన అపోలో 11 యాత్రికులను చంద్రుని వైపునకుఁ గొనిపోయినది ఈ రాకెట్టే. దాని యెత్తు సుమారు 110 మీటర్లు, అడుగుభాగపు వ్యాసము 10 మీటర్లు. నూఱవ వంతు కొలతఁ దీసికొనఁగా మా నమూనా యెత్తు 110 సెంటీమీటర్లయినది. గొట్టము చుట్టి తెల్లరంగు వేసి చూడఁగా, అది స్తంభమువలె నుండెను గాని రాకెట్టువలె లేదు.

లోపము పైతలమునందున్నది. అసలు రాకెట్టు ఒడలంతయు నునుపు గాదు. మొదటి యంతస్తులో క్రింద కిరసనాయిలు జాతి యింధనపు తొట్టియు, దానిపైని ద్రవ ఆమ్లజని తొట్టియు నుండును. తొట్ల గోడలకు బలమిచ్చు పట్టీలు లోపలివైపున నున్నవి. కావున వెలుపల నునుపు. రెండు తొట్ల నడిమి భాగమో ఉత్త డొల్ల. అయినను మీఁది బరువునంతయు మోయవలయును. పలుచని రేకును నిలువున నొక్కిన నలఁగిపోవును. మడతలు దీర్చిన రేకు నిలుచును. రేకుల కప్పు గల యింట నున్నవారికి దీనిని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. అందుచేతనే యచ్చట నిలువు మడతలు గానవచ్చును. ఎచ్చట గీఁత గలదో, ఎచ్చట లేదో తెలిసికొనుటయే ఈ పనిలో సగము.

అసలు మడతలను నూఱవ వంతునకుఁ దగ్గించిన కంటికి ఆనవు. కావున 3 మిల్లీమీటర్ల కొక గీఁత చొప్పున కొంత పెద్దవి చేసితిమి. ఇది కొలతకు ద్రోహమేయైనను చూపునకు న్యాయమని మా యభిప్రాయము. గొట్టపు చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు, దానిని మొదట నాలుగు భాగములు చేసి, భాగమునకు 26 చొప్పున 104 గీఁత లుంచితిమి. రాకెట్టు తిరుగుడును దూరమునుండి కనిపెట్టుటకై వేసిన నలుపు తెలుపులు నాలుగు భాగములుగా నుండుటచే నిట్లు చేసితిమి. సిరా యయిపోయిన కలముతో, మెత్తని గుడ్డపైఁ బఱచిన కాగితమును వెనుకనుండి నొక్కి గీచిన ముందువైపున గట్లు లేచును. ఇది గొట్టమునకుఁ జుట్టకముందే చేయవలయును. నీళ్ల జిగురు ఎక్కువైనచోఁ గట్లు మరల అణఁగిపోవును.

నడిమి భాగమునకు నల్లరంగు వేసితిమి. ప్రదర్శనమునకు మూఁడు దినములుండఁగా ఎనిమిదవ తరగతి బాలుఁడొకఁడు, "అయ్యా, అపోలో 11 చిత్రములో నిచ్చట తెలుపున్నదే" యనెను. వాఁడన్నది నిజము. మేము చూచి వ్రాసికొన్న చిత్రము 1966లో ప్రయోగవేదికను పరీక్షించుటకుఁ దెచ్చిన 500-ఎఫ్ అను వాహనముది. అది యెన్నఁడును ఎగురలేదు. నల్లరంగు ఎండకు వేఁడెక్కుచున్నందున, ఎగిరిన రాకెట్టులకు అచ్చట తెలుపే యుంచిరి.

నలుపుపైఁ దెలుపు వేసితిమి. మూఁడు పూఁతలకు గట్లన్నియుఁ బూడిపోయెను. ఉండనిమ్మని కొందఱనిరి. కాని గొట్టముపై "అపోలో 11" అని చీటి యంటించి యుంటిమి. చీటి మార్చుటయా, పట్టీ మార్చుటయా? ఆ బాలుఁడే కత్తితో పట్టీని ఒలిచివేసెను. రెండు రాత్రులు కూర్చుండి క్రొత్తదానిని గీచితిమి. అతుకువద్ద ఒక గీఁత పోయినది, ఇప్పుడున్నవి 103.