గర్భవతి తుపాకి పేల్చవచ్చునా?

ఈ ప్రశ్నతో మన గోదావరి గ్రామములకు ఏమి సంబంధము అని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. గురి చూచి తుపాకి కాల్చుట పట్నములో డబ్బున్నవారి ఆట గదా, మన ఆడపిల్లలకు దానితో పనేమిటి అని. అయితే ఒక్కసారి మన సంఘములలోని ఇండ్లు లెక్కపెట్టి చూడండి. రాజోలు మొదలుకొని తుని వరకు, నర్సాపురము మొదలుకొని తాడేపల్లిగూడెము వరకు, పోలీసు శాఖలో కానిస్టేబులుగా చేరిన కుమార్తె గాని కోడలు గాని లేని ఊరు ఇప్పుడు అరుదు. కేంద్ర రిజర్వు పోలీసులోను, పారిశ్రామిక భద్రతా దళములోను చేరినవారు కూడ ఉన్నారు. వీరందరికి ఉద్యోగ ధర్మముగా ఫైరింగ్ ప్రాక్టీసు ఉండును. పెండ్లియై, నెల తప్పిన తరువాత ఆ పిలుపు వచ్చినయెడల ఆ బిడ్డ ఏమి చేయవలెను? వెళ్ళవలెనా, మానవలెనా? మానినచో ఉద్యోగమునకు ఇబ్బంది అని భయము, వెళ్ళినచో కడుపులోని బిడ్డకు ఏమగునో అని భయము. ఈ రెండు భయముల నడుమ నలిగే చెల్లెళ్ళ కొరకు ఈ సంగతులు వ్రాయుచున్నాము.

పెద్దలు మొదట అడిగే మాట, తుపాకి వెనుకకు తన్నినప్పుడు ఆ దెబ్బ బిడ్డకు తగలదా అని. ఆ భయము అక్కరలేదు. రైఫిల్ తన్నుడును భుజము భరించును గాని కడుపు కాదు. బోర్ల పడుకొని కాల్చుట మాత్రము నెలలు నిండుకొలది కుదరని పని. నిలుచుండి కాల్చినను ఆరవ నెల దాటిన తరువాత నడుము బరువు ముందుకు లాగును, కాలు నిలకడ తప్పును. ఇవి ఎవరికైనా తెలిసే సంగతులే. తెలియనివి రెండున్నవి. ఒకటి శబ్దము, రెండవది సీసము.

శబ్దమును డెసిబెల్ అను కొలతతో కొలిచెదరు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకొనుట సుమారు 60 డెసిబెల్స్. ఈ కొలతలో 10 పెరిగినదనగా శబ్దశక్తి పది రెట్లు పెరిగినదని అర్థము. కాబట్టి 60కి 120 రెట్టింపు అనుకొనరాదు, అది పది లక్షల రెట్లు. ఎన్.సి.సి. పిల్లలు కాల్చే చిన్న .22 రైఫిల్ పేలినప్పుడు చెవి దగ్గర ఇంచుమించు 140 డెసిబెల్స్ ఉండును. పోలీసువారి పెద్ద రైఫిళ్ళు 150 దాటును. అందుకే కాల్చేవారు చెవులకు రక్షణ పెట్టుకొనవలెను. కాని ఆ రక్షణ తల్లి చెవులకే. కడుపులోని బిడ్డ చెవులకు ఎవరు మూత పెట్టగలరు?

బిడ్డ చెవి లోపలి భాగము సుమారు అయిదవ నెలలో రూపు దిద్దుకొని, ఆరవ నెలలో శబ్దములకు స్పందించుట మొదలుపెట్టును. తల్లి పొట్ట గోడయు ఉమ్మనీరును కొంత అడ్డము నిలుచునుగాని అన్ని శబ్దములకు సమానముగా నిలువవు. ఈ సంగతి అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు చూలు గొఱ్ఱెలను పరీక్షించి కనుగొనిరి. సన్నని, కీచుమనే శబ్దము గర్భములోనికి చేరుసరికి బాగుగా తగ్గిపోవును. డప్పువంటి, ఉరుమువంటి లావు శబ్దము మాత్రము దాదాపు తగ్గకుండ లోనికి పోవును. పెద్ద తుపాకి మ్రోతలో ఆ లావు శబ్దము పాలు ఎక్కువ.

స్వీడన్ దేశములో పద్నాలుగు లక్షలమంది పిల్లల వివరములు పరిశీలించి 2016లో ఒక నివేదిక ప్రకటించిరి. గర్భముతో ఉండి, సెలవులు పెద్దగా తీసుకొనకుండ, 85 డెసిబెల్స్ మించిన చప్పుడులో పూర్తికాలము పనిచేసిన తల్లుల పిల్లలలో వినికిడి లోపము, నెమ్మదియైన చోట పనిచేసినవారి పిల్లలతో పోల్చినప్పుడు, సుమారు 80 శాతము ఎక్కువగా కనబడినది. అది కర్మాగారములలో రోజంతా మ్రోగే చప్పుడును గూర్చినది, తుపాకిని గూర్చినది కాదు. అయినను చెవికి రక్షణ పెట్టుకొన్నంత మాత్రమున సరిపోదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పుచున్నది: 115 డెసిబెల్స్ మించిన శబ్దము గల చోటికి, చెవులు మూసుకొనియైనను, గర్భవతి వెళ్ళకుండుటే మేలు. తుపాకి ఆ గీటు దాటి ఎంతో పైన ఉన్నది.

ఇక్కడ ఒక మాట. మన ఇండ్లలో గ్రహణమునాడు చూలాలిని గదిలో పెట్టి తలుపు మూసే అలవాటు ఇంకను ఉన్నది. సంఘములో చేరి మూడు తరములైన ఇండ్లలో కూడ చూచుచున్నాము. గ్రహణము వలన బిడ్డకు మొఱ్ఱి రాదు. అదే చూలాలిని ఊరేగింపులో డి.జె. బాక్సుల ప్రక్కన నిలువబెట్టుటకు మాత్రము ఎవరును జంకరు! దీపావళినాడు పెద్ద బాంబులు ఇంటి గుమ్మములోనే కాల్చెదరు. టపాకాయలకు ప్రభుత్వము 1999లో పెట్టిన హద్దు నాలుగు మీటర్ల దూరములో 125 డెసిబెల్స్. అది కూడ తక్కువ శబ్దము కాదు. మన ఉజ్జీవ సభలలో స్టేజి ప్రక్కన నిలువెత్తు స్పీకరు బాక్సులు పెట్టి, వాటి ముందు చాపలమీద స్త్రీలను కూర్చుండబెట్టు పద్ధతిని గూర్చి కూడ పెద్దలు ఆలోచించవలెను. గర్భవతులకు వెనుక వరుసలో, బాక్సులకు దూరముగా చోటు ఇచ్చుటకు ఖర్చేమియు లేదు.

ఇక సీసము సంగతి. శబ్దము ఆ క్షణమునకు పోవును, సీసము నిలిచి ఉండును. తూటా అడుగున నిప్పు పుట్టించే మందులో సాధారణముగా సీసపు సమ్మేళనము ఉండును. తూటాలో కూడ సీసమే. పేలిన ప్రతిసారి కంటికి కనబడని సీసపు పొగ, ధూళి కాల్చువారి ముఖము మీదికి, చేతుల మీదికి, బట్టల మీదికి వచ్చును. నాలుగు గోడల మధ్య కాల్చే రేంజిలో ఇది అధికము. మన పోలీసు రేంజిలు ఎక్కువగా ఆరుబయట ఉండుట కొంత నయము. అయితే కాల్చిన తరువాత ఖాళీ కేసులు ఏరి లెక్క అప్పగించవలెను గదా? ఆ ఇత్తడి గొట్టములు ఏరిన చేతులకు సీసము అంటుకొనును. ఆ చేతులతోనే టిఫిను పొట్లము విప్పినయెడల సీసము నేరుగా కడుపులోనికి పోవును. తుపాకి శుభ్రము చేయు గుడ్డకు కూడ ఇదే సీసము అంటుకొని ఉండును.

శరీరము సీసమును కాల్షియము అనుకొని ఎముకలలో దాచుకొనును. అక్కడ అది ఏండ్ల తరబడి, పదుల ఏండ్లు కూడ, ఉండగలదు. గర్భము వచ్చినప్పుడు బిడ్డ ఎముకల కొరకు తల్లి ఎముకలలోని కాల్షియము కరగును. దానితోపాటు ఎన్నడో దాగిన సీసము కూడ రక్తములోనికి వచ్చి, మాయను దాటి బిడ్డకు చేరును. తల్లికి రక్తపు పోటు పెరుగుట, గర్భస్రావము, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తగ్గుట దీనివలన కలుగవచ్చును. అన్నిటికంటె బాధకరమైనది బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినుట. ఇంతవరకు ఉన్నను ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గర్భవతి రక్తములో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నయెడల, సీసము ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకి ఆపవలెనని అమెరికా వైద్యుల నియమము.

ఇనుము, కాల్షియము తక్కువైన దేహము సీసమును మరింత ఎక్కువగా పీల్చుకొనును. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భవతులలో సగమునకు పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. కాబట్టి ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు అటక మీద పెట్టి మరచిపోరాదు. పాలు, రాగిజావ, ముల్లుతో తినదగిన చిన్న చేపలు మనకు కొదువ కావు.

తుపాకి ముట్టని ఇండ్లలో కూడ సీసము ఉండవచ్చును. గోదావరి పాయల వెంబడి, సముద్రపు ఒడ్డున, విసురు వలల అంచునకు కట్టే గుళ్ళు సీసపువే. వాటిని ఇంటి పొయ్యిమీద కరగించి పోసే చోట గర్భవతి గాని చంటిబిడ్డ గాని ఉండకూడదు. ఆ గరిటెను, ఆ మూకుడును మరల వంటకు వాడనే కూడదు. పాత బ్యాటరీలు పగులగొట్టే చోటు కూడ అంతే.

ఇంత చదివిన తరువాత ఎవరైనా, మరి విదేశములలో నిండు చూలాలు ఒలింపిక్సులో తుపాకి కాల్చలేదా అని అడుగవచ్చును. నిజమే. 2012లో లండన్ ఒలింపిక్సులో మలేషియా దేశపు నూర్ సుర్యాని తైబి ఎనిమిది నెలల గర్భముతో పోటీలో నిలిచినది. ఫైనలునకు చేరలేదు గాని, ఆమె ధైర్యమును లోకమంతయు చెప్పుకొన్నది. అదే రేంజిలో, అదే వారములో, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ పురుషుల పోటీలో కంచు పతకము గెలిచెను. అయితే వారు కాల్చినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. దానిలో మందు ఉండదు, గాలి ఒత్తిడి తోనే గుండు పోవును. నిప్పు లేదు, ఉరుము లేదు, సీసపు పొగ లేదు. గుండు మాత్రము సీసముదే, కాబట్టి ముట్టుకొన్న చేతులు కడుగుకొనవలెను. తీర్థములో బుడగలు కాల్చే తుపాకి కూడ ఈ జాతిదే. ఒకసారి సరదాకు కాల్చిన గర్భవతిని ఎవరును భయపెట్టనక్కరలేదు. 2024లో పారిస్ ఒలింపిక్సులో అజర్‌బైజాను దేశపు యాయ్‌లగుల్ రమజనోవా ఆరు నెలలు దాటిన గర్భముతో విల్లు ఎక్కుపెట్టినది. విల్లుకు ఈ రెండు బాధలును లేవు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లుతోనే ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు తెచ్చినది గదా! కాబట్టి గర్భవతి గురి చూడరాదని ఎవరును అనుట లేదు. ఆమె చేతిలో ఉన్నది ఏమిటన్నదే ప్రశ్న.

మందు పేలే తుపాకి విషయములో మా అభిప్రాయము సూటిగా చెప్పుచున్నాము. గర్భమని తెలిసిన దినమునుండి కాన్పు వరకు రేంజికి వెళ్ళవద్దు. కాల్చకుండ ప్రక్కన నిలుచుండి లెక్క వ్రాయుట కూడ వద్దు. శబ్దము ప్రక్కవారికి కూడ అంతే. కేసులు ఏరుట, ఆయుధములు శుభ్రము చేయుట కూడ ఇతరులకు అప్పగించవలెను.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మన వైపు మూడవ నెల నిండువరకు కడుపు సంగతి బయటికి చెప్పరు. దిష్టి తగులునని కొందరు, నిలుచునో లేదో అని కొందరు. అత్తగారు వద్దనగా కోడలు నోరు మెదపదు. ఇంతలో ఫైరింగుకు పిలుపు వచ్చును, ఆమె కారణము చెప్పలేక వెళ్ళును. అమ్మా, అత్తగారూ, ఊరంతటికి చెప్పనక్కరలేదు, పై అధికారికి ఒక్కరికి చెప్పనియ్యండి. వైద్యురాలి చీటి ఒకటి జతపరచి, కాన్పు తరువాత ప్రాక్టీసు పూర్తిచేసెదనని వ్రాసి ఇచ్చినయెడల అది పని ఎగవేత కాదు. నోటిమాటగా కాక కాగితముమీద ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకొనవలెను. 180 దినముల ప్రసూతి సెలవు ఉన్నది గాని, అది కాన్పు సమయమునకు అక్కరకు వచ్చునదే. మొదటి నెలలలో ఆదుకొనునది ఈ చీటియే.

మరి గర్భమని తెలియకముందే వెళ్ళి వచ్చిన చెల్లెళ్ళ సంగతి? కుమిలిపోవద్దు. మొదటి వారములలో బిడ్డకు చెవి ఇంకను ఏర్పడలేదు, ఆ మ్రోత బిడ్డ విన్నది కాదు. ఆరుబయట ఒక దినము కాల్చినందున ఒంటిలో చేరే సీసము కూడ సాధారణముగా స్వల్పమే. తరువాత చూపించుకొనుటకు వెళ్ళినప్పుడు డాక్టరుగారితో ఆ మాట చెప్పండి. ఏండ్ల తరబడి రేంజిలో పనిచేసినవారైతే, ముఖ్యముగా శిక్షణ ఇచ్చువారైతే, రక్తములో సీసము ఎంతున్నదో పరీక్ష చేయించుమని మీరే అడగండి. గర్భము కొరకు ఎదురుచూచుచున్నవారు ముందే చేయించుకొనుట మరియు మంచిది.

ఒకవేళ కాల్చేది భర్తయైనను ఇంటిలోని గర్భవతికి సంబంధము లేకపోలేదు. రేంజినుండి వచ్చిన బూట్లు గుమ్మము బయటనే విడువవలెను. యూనిఫారము ఇంటిలో దులుపక, బిడ్డల బట్టలతో కలుపక, వేరుగా నీళ్ళలో నానబెట్టి ఉతుకవలెను. ఆ పని గర్భవతి చేత చేయించక ఆయనే చేసికొనవలెను. సబ్బుతో ముఖము, చేతులు కడుగుకొని, వీలైతే తలస్నానము చేసిన తరువాతనే పిల్లలను ఎత్తుకొనవలెను. చంటిబిడ్డ తండ్రి చేతిని నోట పెట్టుకొనుట అందరము చూచినదే.