పైపు నాణ్యతకు కీలకం ‘వన్‌ప్యాక్’
పాళ్లు తెలియని సరుకు: కొనేముందు వర్తకులు అడగవలసినవి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పీవీసీ పైపులకు వేసవిలోనే గిరాకీ ఎక్కువ. జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపు, మామిడి తోటలకు, ఆదిలాబాద్ వైపు పత్తి చేలకు రైతులు తొలకరికి ముందే పైపులు కొంటారు. వానలు పడగానే అమ్మకాలు మందగిస్తాయి. అందుచేత ముందుగా నిల్వ చేసే వర్తకులు రెజిన్ ధరనే కనిపెట్టుకుని ఉంటారు. దేశ వాడకంలో సగానికి పైగా రెజిన్ దిగుమతి కావలసిందే గనుక అది సహజం. అయితే పైపు మన్నిక రెజిన్ ఒక్కదానిపైనే ఆధారపడదు.

పీవీసీని ఏమీ కలపకుండా కరిగిస్తే వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి, సరుకు రంగు మారి నల్లబడుతుంది. దీన్ని అరికట్టేది స్టెబిలైజర్. యంత్రంలో సాఫీగా జారేందుకు స్టియరిక్ ఆమ్లం, కాల్షియం స్టియరేట్, పారఫిన్ మైనం అవసరం. వీటిని విడివిడిగా కొని, తూచి కలుపుకోవడం పాత పద్ధతి. అన్నిటినీ ముందే పాళ్ల ప్రకారం కలిపి ఒకే సంచిలో అందించేదే ‘వన్‌ప్యాక్’. దీనివల్ల నాలుగైదు సరుకుల నిల్వ తప్పుతుంది. తూకంలో పొరపాట్లు, దుమ్ము తగ్గుతాయి. కాగా పాళ్లు అమ్మకందారు రహస్యం. సరఫరాదారుని మార్చితే మళ్లీ యంత్రంపై పరీక్ష తప్పదు.

కిలో ధర చూసి బేరమాడితే లెక్క తప్పవచ్చు. ఉదాహరణకు 100 కిలోల రెజిన్‌కు ఒక ప్యాక్ 3 కిలోలు కావాలి, కిలో 150 రూపాయలు అనుకుంటే ఖర్చు 450. మరొకటి కిలో 200 అయినా 2 కిలోలు సరిపోతే ఖర్చు 400 మాత్రమే.

చౌక కారణంగా పైపుల తయారీలో చాలాకాలం సీసపు లవణాలే వాడారు. తాగునీటిలోకి సీసం చేరే ప్రమాదం దృష్ట్యా, పీవీసీ పైపుల్లో సీసపు స్టెబిలైజర్‌పై కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నిబంధనలు ప్రకటించింది. ప్రత్యామ్నాయం కాల్షియం-జింక్. దీని పాళ్లు మరింత కచ్చితంగా ఉండాలి గనుక వన్‌ప్యాక్ అవసరం పెరిగింది. అయితే పాత పైపుల తుక్కు కలిపితే సీసం మళ్లీ చేరుతుంది. కాల్షియం కార్బొనేట్ పొడి మోతాదు మించితే పైపు పెళుసవుతుంది.

చేలో పైపు పగిలితే రైతు నిలదీసేది అమ్మిన దుకాణదారునే. కనుక సీజను సరుకుకు ఆర్డరిచ్చే ముందు ఏ స్టెబిలైజర్ వాడారు, తుక్కు కలిపారా అని అడిగి, తాగునీటి పైపులపై ఐఎస్ 4985 గుర్తు చూసుకుని, సీసం లేదన్న పరీక్షా పత్రం బిల్లుతోపాటు తీసుకోవడం మేలు.