మిసిసిపీ ఒడ్డు మాట, బొంకులదిబ్బ మాట

బొబ్బిలి పేరు చెబితే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది 1757 జనవరి 24 నాటి యుద్ధం. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పగ, తాండ్ర పాపారాయుడి కత్తి. జంగం కథకులు ఊరూరా పాడి ఆ వీరగాథని జనం నోట నిలబెట్టారు. ఆ యుద్ధంలో శత్రుపక్షమైన విజయనగరంలోనే 1892లో గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ మొదటిసారి ప్రదర్శించారు. అందులో వీరుడు లేడు. బొంకులదిబ్బ దగ్గర నిలబడి, పరువు పోయిన ఊళ్లో ఇక ఉండడం మంచిది కాదనుకునే గిరీశం ఉన్నాడు. పసిపిల్లని అమ్మజూసే అగ్నిహోత్రావధాన్లు, కొనుక్కోజూసే లుబ్ధావధాన్లు ఉన్నారు. వీరగాథలు పాడుకున్న సీమలో ఇలాంటి నాటకం పుట్టడం చిన్న మార్పు కాదు. ఇంచుమించు అదే కాలంలో అమెరికా సాహిత్యంలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది.

అక్కడ 1861–65 అంతర్యుద్ధం ముగిశాక శౌర్యగాథల మీద నమ్మకం సడలింది. 1871 నుంచి పదేళ్లు ‘అట్లాంటిక్ మంత్లీ’ సంపాదకుడిగా ఉన్న విలియం డీన్ హోవెల్స్, మామూలు మనుషుల మామూలు బతుకే కథావస్తువని వాదించాడు. మార్క్ ట్వేన్ ఇంకా ముందుకెళ్లి, వాల్టర్ స్కాట్ నవలలు దక్షిణాదికి ఎక్కించిన శౌర్యపు మత్తే ఆ యుద్ధానికి చాలావరకు కారణమని 1883లో రాశాడు. ఆ తర్వాత వచ్చిన అతని నవల ‘హకల్‌బెరీ ఫిన్’ మొత్తం, మిసిసిపీ ఒడ్డున పెరిగిన, చదువు అంతంతమాత్రమైన హక్ అనే కుర్రాడి మాటల్లోనే నడుస్తుంది. పారిపోయిన బానిస జిమ్‌ని పట్టించడానికి హక్ ఉత్తరం రాస్తాడు. అలా చెయ్యకపోతే నరకమేనని పెద్దలు నేర్పిన మాట గుర్తున్నా, చివరికి ఆ ఉత్తరం చింపేస్తాడు. ఆ ఘట్టాన్ని వ్యాకరణశుద్ధమైన ఇంగ్లీషులో మరెవరో వివరించి ఉంటే మనం మెచ్చుకునేవాళ్లం, అంతే. ఆ పిల్లవాడి నోటితోనే వినడం వల్ల, పెద్దల ధర్మం కంటే వాడి మనసే గొప్పదని ఒప్పుకోక తప్పదు. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం 1885లో ఆ పుస్తకాన్ని మోటుగా ఉందని బహిష్కరించింది.

వాడుకభాష రాసినంత మాత్రాన వాస్తవికత వచ్చేస్తుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేదం వేంకటరాయశాస్త్రి కూడా 1897లో వచ్చిన ‘ప్రతాపరుద్రీయం’లో వాడుకమాటలు రాశారు. అయితే అవి తక్కువ స్థాయి పాత్రలకే. పెద్దలందరూ గ్రాంథికమే మాట్లాడతారు. అమెరికాలో జోయెల్ చాండ్లర్ హారిస్ 1880లో అచ్చువేసిన అంకుల్ రీమస్ కథల్లోనూ నల్లజాతి వృద్ధుడిది యాస, ఆయన్ని మనకి చూపించే రచయితది శిష్టమైన ఇంగ్లీషు. అలాంటి చోట యాస మనిషి అంతస్తును చూపించే గుర్తుగా మిగిలిపోతుంది. గురజాడ అప్పారావు ఆ కంచె తీసేశారు. అవధాన్లూ, వకీలూ, వేశ్యా అందరూ తమ తమ ఇళ్లలో మాట్లాడుకునే మాటే మాట్లాడతారు. 1909లో ఆయన తిరగరాసిన ప్రతిలో వేశ్య మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఎదుట నిలబడినప్పుడు, వేశ్యావ్యతిరేకి అయిన ఆ పెద్దమనిషి నీతి కూడా విచారణకి వస్తుంది. నా దృష్టిలో హక్ ఉత్తరం చింపిన ఘట్టానికి తెలుగులో దీటైనది ఇదే.

ఇదంతా ఇంగ్లీషు చదువు పెట్టిన భిక్ష అనేవాళ్లున్నారు. గురజాడ ఇంగ్లీషు సాహిత్యం విస్తారంగా చదివిన మాట నిజం. నాటకం మొదటి ముద్రణకి, 1897లో, పీఠిక ఇంగ్లీషులోనే రాశారు. కానీ ఆ పీఠికలో ఆయన చూపించిన సాక్ష్యం ఏ పుస్తకం నుంచీ వచ్చింది కాదు. విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల శుల్క వివాహాల జాబితా రాయించారు. బొబ్బిలి కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. మూడేళ్లకి లెక్కకొచ్చిన పెళ్లిళ్లు 1,034. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకి 350 నుంచి 400 రూపాయలు. ఇంగ్లీషు పుస్తకాలు గురజాడకి నాటకం కట్టే ఒడుపు నేర్పి ఉండవచ్చు. ఆ నాటకం ఎవరి గురించి, ఎవరి మాటల్లో రాయాలో చెప్పింది మాత్రం ఈ జిల్లా అగ్రహారాలే.