పిల్లలతో కెనడాకు: బయలుదేరే ముందు చూసుకోవలసినవి

మన ట్రస్టు ఉపకారవేతనంతో చదువుకున్నవారిలో కొందరు ఇప్పుడు తమ చిన్నపిల్లలను వెంటబెట్టుకుని విదేశాల్లో స్థిరపడటానికి వెళ్తున్నారు. వారి తల్లిదండ్రులు కనబడినప్పుడల్లా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. నేను హోసూరులో బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి, కోడలు, అయిదేళ్ల మనవరాలు, రెండేళ్ల మనవడు 2022 ఆగస్టులో శాశ్వత నివాస వీసాపై కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి వెళ్లారు. మరుసటి సంవత్సరం నేనూ మా ఆవిడా ఆరు నెలలు వాళ్ల దగ్గర ఉండి వచ్చాము. కనుక నేను రాసేది ఆ రాష్ట్రం సంగతే.

మొదట పేర్లు. తమిళనాడులో పుట్టిన తెలుగువాళ్లకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన వైపు బడి రిజిస్టరులో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా వేసి ఊరుకుంటారు. పాస్‌పోర్టులో ఇనిషియల్ చెల్లదు, విడదీసి పూర్తిగా రాయాలి. అలా రాసేసరికి మా అబ్బాయికి నా పేరు, కోడలికి వాళ్ల నాన్నగారి పేరు, పిల్లలకు మా అబ్బాయి పేరు ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ఒక ఇంట్లో నలుగురికి మూడు ఇంటిపేర్లు! ఇది తప్పేమీ కాదు గాని, అక్కడ బడిలోనూ ఆస్పత్రిలోనూ పిల్లల తల్లి తానేనని కోడలు కాగితం చూపించవలసి వచ్చేది. అందుచేత పిల్లల జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మా అశ్రద్ధవల్ల మనవడి పత్రంలో పేరు గడి ఖాళీగా ఉండిపోయింది. పేరు ఎక్కించడానికి చట్టం పదిహేనేళ్లు గడువిస్తుంది, వీసా దరఖాస్తు అంతకాలం ఆగదు కదా.

తరువాత డబ్బు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగంలో వెళ్లేవారు కుటుంబ సభ్యుల సంఖ్యనుబట్టి నిర్ణీత మొత్తం తమవద్ద ఉన్నట్టు చూపాలి. భార్యాపిల్లలు వెంట రాకపోయినా లెక్కలోకి వస్తారు. అప్పు తెచ్చి చూపడం కుదరదు. బ్యాంకు ఇచ్చే లేఖలో ఖాతా నంబరు, తెరిచిన తేదీ, నేటి నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ, అప్పులుంటే వాటి వివరం అన్నీ ఉండాలి. మా అబ్బాయికి ఒక శాఖవారు నేటి నిల్వ మాత్రమే రాసిచ్చారు. ఇలాంటి లేఖలు నా చేతులమీదుగా ఎన్నో వెళ్లాయి కనుక చూడగానే తెలిసింది, తిప్పి పంపాము. వెళ్లిన తరువాత ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఏటీఎం కార్డు తండ్రి చేతికిచ్చి పాత ఖాతానే నడిపించడం నిబంధనలకు విరుద్ధం.

అక్కడ ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మొదటి నెల, చివరి నెల అద్దె ముందే కట్టాలి. ఇక్కడ ఇరవై ఏళ్లు వాయిదా తప్పకుండా కట్టిన పేరు అక్కడ లెక్కకు రాదు, క్రెడిట్ చరిత్ర సున్నానుంచి మొదలు. ఇంజినీరైన మా అబ్బాయి మొదటి ఎనిమిది నెలలు గోదాములో రాత్రి డ్యూటీ చేశాడు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది, దానిమీద పన్ను లేదు. అయితే ఆదాయం లేకపోయినా భార్యాభర్తలిద్దరూ ఏటా రిటర్ను వేయాలి, లేకుంటే అది ఆగిపోతుంది. ప్రభుత్వ వైద్య బీమాకు ఒకప్పుడు మూడు నెలలు ఆగవలసి వచ్చేది, 2020 మార్చిలో ఆ నిబంధన తీసేశారు. పెద్దవాళ్ల పళ్ల వైద్యం మాత్రం అందులో లేదు.

ప్రభుత్వ బడి ఉచితం. టీకాల కార్డు అడుగుతారు. మన ప్రభుత్వ టీకాల్లో గవదబిళ్లలకు, ఆటలమ్మకు లేవు, అక్కడి బడికి రెండూ కావాలి. ఇక్కడే ప్రైవేటుగా వేయించి కార్డులో ఇంగ్లీషులో రాయించుకోవాలి. మనవరాలు బడిలో నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఇంట్లో మాత్రం తెలుగులో గలగలా మాట్లాడేది. టీచరు తొందరపెట్టవద్దన్నారు. అయిదో నెలలో మంచు బొమ్మ చేస్తూ ఒక పిల్లతో మాట కలిపిందట.

నేను అసలు ఊహించనిది కోడలి సంగతి. హోసూరులో ఆమె తొమ్మిదేళ్లు లెక్కల టీచరు. అక్కడ ప్రభుత్వ బడిలో పాఠం చెప్పాలంటే ఒంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్ సర్టిఫికెట్టు కావాలి. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. పగలు భర్త నిద్రపోతుంటే చంటివాణ్ణి చప్పుడు చేయనివ్వకుండా ఒకే గదిలో కూర్చునేది. ఫోనులో ఏడిస్తే, "కొత్త కదమ్మా, సర్దుకుంటుందిలే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఎర్లీ ఆన్ అని ఆరేళ్లలోపు పిల్లలకూ తల్లులకూ ఉచిత కేంద్రాలున్నాయి. వెళ్లిన వారంలోనే వాటి వివరం కనుక్కోవచ్చు. ఆమెకు ఫిబ్రవరిలో పక్కింటావిడ చెబితేగాని తెలియలేదు.

ఇప్పుడామె సర్టిఫికెట్టుకు దరఖాస్తు చేసింది. మార్కుల పత్రాలు విశ్వవిద్యాలయంనుంచి నేరుగా వాళ్లకు చేరాలి, మన చేతిలోని నకలు పనికిరాదు. అందుకోసం నేను మూడుసార్లు విశ్వవిద్యాలయానికి తిరిగాను. వాళ్లు ఇక్కడుండగానే చేసుకోవలసిన పని అది.