పికప్ వెనుక పడవ

మెట్ట ప్రాంతానికి పడవతో ఏమి పని అని కొందరు అడుగుతారు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరు మొదటి దినాలలోను మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు రహదారిని ముంచినది. అట్టి సమయంలో కృష్ణ ఒడ్డున ముక్త్యాల నుండి పడవ తేవలెనంటే జగ్గయ్యపేట మీదుగా రోడ్డునే తేవలెను.

మన యౌవనస్థులు కొందరు కొత్త పికప్ వ్యాన్లు కొంటున్నారు గనుక ఈ మాటలు వ్రాస్తున్నాము. పడవ బరువు ఇరుసుకు వెనుక పడితే ట్రైలరు తోక ఊపుతుంది. వేగం హెచ్చేకొద్దీ ఊపు హెచ్చి వ్యానునే పక్కకు ఈడ్చివేస్తుంది. మొత్తం బరువులో ఇంచుమించు పదోవంతు కొక్కెం మీద పడేలాగున పడవను ముందుకు జరపండి. మరీ ముందుకు జరిపితే వ్యాను ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు చిక్కదు. ఊపు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కవద్దు. యాక్సిలరేటరు మీది కాలు తీసి, బండి దానంతట అది నెమ్మదించేవరకు స్టీరింగును తిన్నగా పట్టుకొనండి. కొక్కెం ఊడినా ట్రైలరు విడిపోకుండా రెండు గొలుసులు తప్పక వేయండి.

కొత్త ఇంజనుతో తొలి కిలోమీటర్లలో బరువు లాగించవద్దని కంపెనీ పుస్తకాలు సాధారణంగా చెబుతాయి. వరద ఆ లెక్క చూడదు గదా! ట్రాక్టరున్న పొరుగువారిని అప్పుడు పిలవండి. బయలుదేరే ముందు పడవలోని వాననీరు తోడివేయండి. పది బిందెల నీరంటే రెండు బస్తాల బియ్యమంత బరువు.