పాత కారు పొగగొట్టంలో నీళ్ళెక్కడివి?

చలికాలం ఉదయం పూట కారు స్టార్టు చేయగానే వెనుక పొగగొట్టం కొసనుంచి నీటి చుక్కలు కారడం మీరు చూసే ఉంటారు. ట్యాంకులో పోసింది పెట్రోలు. రేడియేటరులో నీళ్ళు ఉంటాయి గాని, వాటికీ పొగగొట్టానికీ దారి లేదు. మరి ఈ నీరు ఎక్కడిది?

పెట్రోలు అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాల మిశ్రమం. అది ఆక్సిజన్‌తో కలిసి మండినప్పుడు కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా, హైడ్రోజన్ నీరుగా మారతాయి. ఎంత నీరు? లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో హైడ్రోజన్ 100 గ్రాములకు కొంచెం పైనే ఉంటుంది. ఒక గ్రాము హైడ్రోజన్ 8 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 9 గ్రాముల నీరు అవుతుందని రసాయన శాస్త్రంలో చదివారు కదా! అంటే లీటరు పెట్రోలు మండితే 900 గ్రాములకు పైగా నీరు పుడుతుంది. పోసిన పెట్రోలు ఎంతో, వచ్చే నీరు ఇంచుమించు అంత! వేడిగా ఉన్నంతసేపూ అది ఆవిరి, కంటికి కనబడదు. చల్లబడితే నీరు.

అమెరికాలో పాతకాలపు కార్లను తిరిగి కొత్తవాటిలా చేసుకోవడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. వాళ్ళు ఎంతో మోజుపడే కార్లలో 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ ఒకటి. పొడవు 5 మీటర్ల పైచిలుకు, వెనుక చేప రెక్కల్లా లేచిన అంచులు, ముందు ‘వి’ ఆకారంలో రెండు వరుసలుగా అమర్చిన 8 సిలిండర్ల ఇంజిను. ఆ సిలిండర్ల మొత్తం పరిమాణం 283 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 4.6 లీటర్లు. ఇలాంటి కారులో ఆనాటి స్టీరింగు చక్రమూ, గడియారమూ, ఇంజినూ కూడా దొరకవచ్చు. ఆనాటి సైలెన్సరు మాత్రం దొరకడం అరుదు. అది ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో సైలెన్సర్లు ఎంత త్వరగా పాడయ్యేవంటే, వాటిని మార్చడమే పనిగా దుకాణాలు వెలిశాయి. 1956లో జార్జియా రాష్ట్రంలోని మేకన్ నగరంలో మొదలైన మైడాస్ అలాంటిదే. తర్వాత అది దేశమంతా విస్తరించింది.

సిలిండర్లలో మండిన వాయువు ముందుగా పోత ఇనుముతో చేసిన ఒక మందపాటి పెట్టెలోకి వస్తుంది. దీన్ని మానిఫోల్డ్ అంటారు. పోత ఇనుమంటే మన కార్ఖానాల్లో బీడు అంటారే, అదే. అక్కడినుంచి ఉక్కు గొట్టం, తర్వాత సైలెన్సరు, ఆ తర్వాత తోక గొట్టం. ఇంజిను గట్టిగా పనిచేస్తున్నప్పుడు మానిఫోల్డ్ దగ్గర వాయువు వేడి 600 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. వెనక్కి పోయినకొద్దీ చల్లబడుతుంది.

ఈ కారులో ముందుగా ఏ భాగం పాడవుతుందో ఊహించండి. వేడికి మాడే మానిఫోల్డ్ అనుకుంటున్నారా? కాదు. చల్లగా ఉండే సైలెన్సరు! పొగలోని ఆవిరి సుమారు 50 డిగ్రీల దగ్గర నీరుగా మారడం మొదలుపెడుతుంది. మానిఫోల్డ్ ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ వేడిని దాటిపోతుంది. దూరాన ఉన్న సైలెన్సరు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అందాకా ఆవిరి దాని లోపలి గోడలమీద చెమటలా పట్టి అడుగున చేరుతుంది. ఇది మంచినీరూ కాదు. పొగలోని బొగ్గుపులుసు వాయువు, నత్రజని ఆక్సైడులు, గంధకపు వాయువులు అందులో కరిగి ఆమ్లాలు అవుతాయి. పాత పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం సిలిండర్లలో పేరుకోకుండా బయటకు ఈడ్చుకుపోవడానికి క్లోరిన్, బ్రోమిన్ ఉన్న పదార్థాలను కూడా చేర్చేవారు. అవి మండితే హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్ ఆమ్లాలు. రేకు గతి ఏమవుతుందో మీరే చెప్పగలరు. అమెరికాలో రోడ్డుమీద తిరిగే బండ్లకు సీసపు పెట్రోలును 1996 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించారు. ఇప్పటి పెట్రోలులో గంధకమూ బాగా తక్కువే. కాని నీరు మాత్రం ఎప్పటిలాగే పుడుతూంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. పాత కారును ప్రాణంగా చూసుకునేవాళ్ళు దాన్ని షెడ్డులో పెట్టి, బట్ట కప్పి, నెలకొకసారి పది నిమిషాలు ఇంజిను తిప్పి ఆపేస్తారు. ‘ఊరికే పడి ఉంటే పాడవుతుంది కదా’ అని వాళ్ళ ఉద్దేశం. అంత పెద్ద ఇంజిను పది నిమిషాల్లో పావు లీటరు నుంచి అర లీటరు దాకా పెట్రోలు తాగుతుంది. అంటే ఒకటి రెండు గ్లాసుల నీరు! కొంత ఆవిరిగా బయటకు పోతుంది, కొంత సైలెన్సరులో నిలిచిపోతుంది. దాన్ని ఆరబెట్టేంత వేడి ఎక్కకముందే ఇంజిను ఆగిపోయింది. నెల తర్వాత మళ్ళీ అంతే. రోజూ నలభై మైళ్ళు తిరిగే కారు సైలెన్సరు కంటే ఈ ముద్దుబిడ్డ సైలెన్సరు ముందు చిల్లుపడితే ఆశ్చర్యం ఏముంది? తిప్పితే అరగంటైనా రోడ్డుమీద నడపాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. కొన్ని సైలెన్సర్ల అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం వదులుతారు. అది తుప్పు చిల్లు అనుకుని మూసేసే మహానుభావులూ ఉన్నారు!

చిల్లు పడితే చప్పుడు పెరుగుతుంది, అంతేగా అనుకోవద్దు. చప్పుడు చేయని ప్రమాదం ఒకటి అక్కడ ఉంది. పెట్రోలుకు చాలినంత గాలి దొరకనప్పుడు కార్బన్ సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. పట్టుకున్నాక అంత సులభంగా వదలదు. గాలిలో వెయ్యి వంతులకు నాలుగు వంతులు ఈ వాయువు ఉంటే గంటలోపే ప్రాణం పోవచ్చు. కార్బ్యురేటరు ఉన్న పాత ఇంజిను నిలబడి తిరుగుతున్నప్పుడు దాని పొగలో నూటికి కొన్ని వంతులే ఉంటుంది ఇది! 1957 కారులో దీన్ని శుభ్రంచేసే ఉత్ప్రేరక పరికరం లేదు. అమెరికాలో చాలా కార్లకు అది 1975 నమూనాలతో వచ్చింది. గొట్టం మానిఫోల్డ్‌కు అతికే చోట సందు, కారు నేలరేకులో తుప్పు చిల్లు - ఈ రెండూ కలిస్తే చాలు, లోపల కూర్చున్నవాళ్ళకు తలనొప్పి, మగత, ఆపైన స్పృహ తప్పడం. అందుకే పొగగొట్టం పని అయ్యేదాకా మిగతా కారు ఎంత మెరిసినా దాన్ని రోడ్డెక్కించకూడదు. తలుపులు మూసిన షెడ్డులో ఏ ఇంజినునూ తిప్పకూడదు.

ఇక విప్పడం. పాత గొట్టాన్ని కోసి పారేయవచ్చు గాని మానిఫోల్డ్‌ను కాపాడుకోవాలి. దానిమీద పోతపోసిన అంకెలు ఆ కారుకు పుట్టుమచ్చల్లాంటివి. గొట్టాన్ని దానికి బిగించిన స్టడ్డులు, నట్టులు అరవై ఏళ్ళుగా వేడెక్కి చల్లారి, తుప్పుతో ఒకటైపోయి ఉంటాయి. పానా వేసి బలంగా తిప్పితే స్టడ్డు పుటుక్కున విరుగుతుంది. తెలిసినవాళ్ళు ముందు రెండు మూడు రోజులు పలచని నూనె పోస్తారు. అప్పటికీ కదలకపోతే నట్టును గ్యాసు మంటతో ఎర్రగా కాలుస్తారు. నట్టు వ్యాకోచించి రంధ్రం కాస్త పెద్దదవుతుంది, తుప్పు పొర పగులుతుంది. ఎరుపు తగ్గాక, వేడిగా ఉండగానే మర దగ్గర కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సన్నని సందుల్లోకి దానంతట అదే పాకుతుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగే కేశాకర్షణమే ఇక్కడా పనిచేసేది. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్టులు వేస్తే ఉక్కు స్టడ్డుతో కలిసి తుప్పుపట్టవు. ఇంకో హెచ్చరిక. పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. గీకేముందు బాగా తడపాలి, గాలితో ఊదకూడదు.

మానిఫోల్డ్‌లో పగుళ్ళు వెదకాలి. పోత ఇనుము మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి ఒక మిల్లీమీటరులో సుమారు నూరోవంతు సాగుతుంది. అర మీటరు మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. బోల్టులన్నీ కదలనివ్వకుండా పట్టేస్తే అది ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. అందుకే నడిమి బోల్టు ముందు బిగించి, అటూ ఇటూ చివరలకు పోతారు.

ఈ కారులో నాకు బాగా నచ్చిన భాగం మానిఫోల్డ్ మూతి దగ్గర ఉండే ఒక చిన్న తలుపు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు కార్బ్యురేటరు నుంచి వచ్చే పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అప్పుడు ఈ తలుపు మూసుకుని ఒక వరుస సిలిండర్ల వేడి పొగను కార్బ్యురేటరు కిందుగా తిప్పి పంపుతుంది. ఇంజిను వేడెక్కాక తెరుచుకుంటుంది. తెరిచేది ఎవరు? రెండు లోహపు పట్టీలను అతికించి చుట్టిన ఒక స్ప్రింగు. వేడికి ఒక లోహం ఎక్కువ, ఇంకొకటి తక్కువ సాగుతాయి గనుక చుట్ట విప్పుకుని తలుపును తిప్పుతుంది. విద్యుత్తు లేదు, మరొక యంత్రం లేదు. తుప్పుతో అది మూసుకుని బిగుసుకుపోతే ఇంజిను ఉక్కిరిబిక్కిరవుతుంది. చాలామంది దాన్ని తీసి పారేస్తారు. నూనె పోసి, చిన్న సుత్తితో నిదానంగా తట్టి కదిలించడమే మేలని నా అభిప్రాయం. కొత్త గొట్టం ఎప్పుడైనా దొరుకుతుంది గాని, ఇంత ముచ్చటైన పరికరం దొరకదు.

కొత్త గొట్టం ఏ లోహంతో? ఆనాటిది మామూలు ఉక్కు. అల్యూమినియం పూత ఉక్కు కొంతకాలం ఆగుతుంది. కాని వెల్డింగు చేసిన చోట పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులోని క్రోమియం పైన పలచని ఆక్సైడ్ పొర కట్టి కాపాడుతుంది. 18 వంతుల క్రోమియం, 8 వంతుల నికెల్ ఉన్న రకం చాలా ఏళ్ళు నిలుస్తుంది. అయస్కాంతం దానికి అంతగా అంటుకోదు, అదే గుర్తు. మరి 1957 కారుకు స్టెయిన్‌లెస్ గొట్టం వేస్తే అది పాత కారేనా? ప్రదర్శనల్లో పోటీకి పెట్టేవాళ్ళు మామూలు ఉక్కే వేస్తారు, అదీ ఆనాటి వంపులతోనే. ఎప్పుడూ నడుపుకునేవాళ్ళు స్టెయిన్‌లెస్ వైపు మొగ్గుతారు. వంపుల విషయంలో మాత్రం అందరూ జాగ్రత్తపడాలి. 50 మిల్లీమీటర్ల గొట్టం వంచేచోట నలిగి 40 మిల్లీమీటర్లు అయితే దారి వైశాల్యం నూటికి 64 వంతులే మిగులుతుంది.

అసలు ఈ కార్ల మోజంతా వాటి ధ్వనిలో ఉంది. 8 సిలిండర్లు 1, 8, 4, 3, 6, 5, 7, 2 వరుసలో, ఇరుసు 90 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి చొప్పున పేలతాయి. బేసి అంకెలవి ఎడమ వరుసలో, సరి అంకెలవి కుడి వరుసలో ఉంటాయి. కాగితం తీసుకుని బేసి అంకెల మధ్య ఎడం ఎంతో లెక్కపెట్టండి. 270, 180, 90, 180 డిగ్రీలు వస్తుంది. మొత్తంమీద తాళం సమంగా ఉన్నా ఒక్కొక్క వైపు విడిగా వింటే సమంగా లేదన్నమాట! రెండు వైపుల పొగనూ కలిపి ఒకే గొట్టంలో పంపితే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది. చెరొక గొట్టం పెడితే ఆ గడగడ పైకి వినిపిస్తుంది. 1957లో మామూలు 283 ఇంజినుకు ఒకే గొట్టం, 185 అశ్వశక్తి. పెద్ద కార్బ్యురేటరు, జంట గొట్టాలు ఉన్న రకానికి 220. ఆ 35 గుర్రాలూ గొట్టాలవల్లే వచ్చాయనుకోకండి, కార్బ్యురేటరుకూ వాటా ఉంది.

గొట్టాన్ని చాసిస్‌కు గట్టిగా బిగించరు, మెత్తటి పట్టీలతో వేలాడదీస్తారు. 4 మీటర్ల గొట్టం సగటున 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక సెంటీమీటరు సాగుతుంది మరి. తోక గొట్టం కొస కారు వెనుక అంచు దాటి బయటకు ఉండాలి. అన్నీ అమర్చాక ఆరుబయట ఇంజిను తిప్పి, కొసను మందపాటి గుడ్డతో క్షణంపాటు మూస్తారు. ఎక్కడైనా సందు ఉంటే బుస్సుమంటుంది. గొట్టం ఇంకా చల్లగా ఉండగానే అతుకులమీద సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు కూడా కనబడతాయి. మొదటి ప్రయాణంలో కొత్త గొట్టంమీది నూనె కాలి కాస్త పొగ వస్తుంది, కంగారు పడనక్కరలేదు. తిరిగివచ్చి, పూర్తిగా చల్లారాక, నట్టులన్నీ మరొకసారి బిగిస్తారు.